నివ్వరి పేరుకు సాక్ష్యం

నా భార్య పేరు ఏడాది దాకా రాయి మీదకు ఎక్కకుండా చేసింది కంకణపురం నామశాల. తప్పు వాళ్ళదే. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. వాళ్ళను నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

నా పేరు బయ్యన. బావులు తవ్వుతాను. మా ఊరి పంతులుగారి అరుగు మీద నాలుగేళ్ళు చదివాను. ఐదో ఏడు ఆయన బావి ఎండిపోయింది. చదువు చాలించి దాన్ని తవ్వమన్నారు. నా విద్య అక్కడితో పూర్తయింది. నీళ్ళు మాత్రం బాగా పడ్డాయి.

కంకణసీమలో ఆడమనిషి చనిపోతే ఏడాదిలోగా మణిహారిణి నది ఒడ్డున ఆమె పేరుతో ఒక రాయి నిలబెట్టాలి. దాని మీద ఆమె పేరు, ఆ పేరుకు అర్థం, ఆ పేరు లోకంలో మొదట ఎవరికి ఎందుకు పెట్టారన్న కథ చెక్కాలి. రాయి నిలబడని మనిషి నీడ మాంత్రికుడు ధూమ్రకేశుడికి చెందుతుంది. ఇప్పటి రాజుగారి తాత ఒక యుద్ధంలో ఓడిపోతూ ఉంటే ధూమ్రకేశుడు పొగ కమ్మించి గెలిపించాడు. ఏం కావాలో కోరుకోమంటే, "రాయి లేని నీడలు ఇప్పించండి చాలు" అన్నాడట. పెద్దరాజుగారు లోపల్లోపల నవ్వుకుని సరే అన్నారు. అప్పట్లో రాజ్యంలో రాయి లేని ఆడమనిషి ఒక్కతీ లేదు.

ఆ మరుసటి నెల నుంచే, పేర్లను పరీక్షించి రాయికి అనుమతి ఇచ్చే నామశాల పండితులకు పేర్లలో దోషాలు కనబడసాగాయి. ఏటేటా ధూమ్రకేశుడు వాళ్ళకు పట్టుశాలువలు పంపుతాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. శాలువలు మాత్రం చాలా బాగుంటాయి.

మగవాళ్ళకు రాళ్ళు అక్కర్లేదు. మగవాళ్ళ నీడలు మాంత్రికుడికి పనికిరావట. నాలుగడుగులు మోసి కూర్చుంటాయట.

నీడలతో అతనికి ఉన్న పని అదే, మోయించడం. కాకిబండ దగ్గర ఏటి ఒడ్డున ఆకాశాన్నంటే గోపురం కట్టిస్తున్నాడు. పైన ఒక రాయి పెట్టగానే అడుగున ఒక రాయి భూమిలోకి దిగిపోతుంది. మూడు తరాలుగా గోపురం ఎత్తు పెరగలేదు. మాంత్రికుడి ఉత్సాహమూ తగ్గలేదు.

నా భార్య పోయి పదకొండు నెలల పాతిక రోజులైంది. అంతకాలమూ నామశాల నన్ను రేపు రమ్మంది. ఆఖరికి లోపలికి రానిచ్చారు.

ఆ శాల శోభ వర్ణించాలంటే నాలాంటివాడి వల్ల కాదు, అయినా వర్ణిస్తాను. గోమేధికాల గచ్చు. స్ఫటికపు స్తంభాలు, వాటిని చుట్టుకుని బంగారు తీగలు, తీగలకు పగడాల పువ్వులు, పువ్వుల మీద నీలాల తుమ్మెదలు. పైకప్పు మీద నవగ్రహాలూ తమ తమ రంగుల రత్నాలతో మెరుస్తున్నాయి. మధ్యలో నెమలిపింఛాల విసనకర్రల గాలికి ప్రధాన పండితుడు గంభీరభట్టు నిద్రపోతున్నాడు.

లేపారు.

"నీ భార్య పేరేమిటి?" అన్నాడు.

అర్జీ చూపించాను. అందులో ఆ పేరు ఊరి కరణం చేత రాయించాను.

"నివ్వరి!" అని చదివి ముఖం చిట్లించాడు. "నివ్వరి అంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలుసండి. ఎవరూ విత్తకుండా మడుగుల్లో దానంతట అది పండే వరి."

"తృణవిశేషం. గడ్డి! పదానికి అర్థం ఉందయ్యా, పేరుకు లేదు. లక్ష్మి అంటే లక్ష్మీదేవి వల్ల వచ్చింది. పద్మ అంటే పద్మం చేత పట్టుకున్న తల్లి వల్ల వచ్చింది. ఈ గడ్డిని మొదట ఏ స్త్రీకి పెట్టారు? ఎందుకు పెట్టారు?"

"తెలియదండి. ఆవిడది నీటినాడు."

"ఎన్నేళ్ళు కాపురం చేశావు?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదా, నీ పేరు కథ ఏమిటని?"

"మా ఊళ్ళో పెళ్ళాం పేరు మగవాడు పలకడండి. పలికిన ప్రతిసారీ ఆమె ఆయుష్షులో ఒక రోజు తరిగిపోతుందని మా నమ్మకం."

"మరి ఏమని పిలిచేవాడివి?"

"పిలవలేదండి. దగ్గేవాణ్ణి."

విసనకర్ర విసిరే దాసి కూడా నవ్వింది. గంభీరభట్టు శాలువ సర్దుకున్నాడు.

"దగ్గుకు రాయి నిలబెట్టే ఆచారం లేదు. పేరు పుట్టిన చోటి నుంచి పెద్దమనిషిని సాక్ష్యానికి తీసుకురా. ఐదో రోజు పొద్దు గుంకేలోగా నదీతీరానికి తెచ్చావా, రాయి నిలుస్తుంది. లేదా, ధూమ్రకేశులవారి హక్కు వారిది."

"నీటినాడు వెళ్ళి రావడానికే పన్నెండు రోజులు పడుతుందండి."

"అందుకేనయ్యా, పెందరాళే బయలుదేరమంటున్నాను" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

కథల్లో ఇలాంటి సమయానికి రెక్కల గుర్రం వస్తుంది. నాకు రాలేదు. గునపం భుజాన వేసుకుని అడ్డదారిన, పులికనుమ మీదుగా బయలుదేరాను. ఆ దారిన రెండు రోజుల్లో చేరవచ్చు. ఎవరూ ఎందుకు వెళ్ళరో కనుమ చేరాక తెలిసింది.

కనుమ మొగదలలో ఒక రాక్షసి కూర్చుని ఉంది. తాటిచెట్టంత మనిషి. గుహలాంటి నోరు, గుమ్మడికాయల్లాంటి కళ్ళు, మర్రిఊడల్లాంటి జడలు, ఒక్కో ఊడకూ ఒక్కో పుర్రె. మెడలో రాగిరేకు వేలాడుతోంది. దాని మీద నామశాల ముద్రతో ఆమె పేరు చెక్కి ఉంది: కోమలాంగి. పేరుకు అర్థం ఉంది, మొదట పెట్టుకున్న ఆమె కథ ఉంది, పండితుల ఆమోదం ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి.

"ఎవడ్రా అది? వేళకు వచ్చావు. రెండు రోజులైంది ముద్ద దిగి" అంది కోమలాంగి.

"నన్ను తింటే నీకు దాహం వేస్తుందమ్మా. ఇక్కడ నీళ్ళు లేవు."

రాక్షసి ఆగింది. "అది నిజమే. ఏరు దాకా పోయి రావాలి. నడుము పట్టేస్తోంది. స్నానం చేసి పన్నెండేళ్ళయింది తెలుసా?"

తెలుసు. కోసెడు దూరం నుంచే తెలుసు.

ఆమె కూర్చున్న బండ చుట్టూ చూశాను. అంత ఎండిన కొండ మీద కూడా బండ పగుళ్ళలో గరిక పచ్చగా ఉంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని కింది నుంచి పైకి వస్తున్నాయి. గునపంతో బండను కొట్టి చెవి ఆనించాను. కింద బోలుగా మోగింది.

"లే అమ్మా. నువ్వు పన్నెండేళ్ళుగా నీళ్ళ మీదే కూర్చున్నావు."

"అబద్ధమైతే?"

"తిందువుగాని. నేను ఎక్కడికి పోతాను?"

నేను గీత గీసిన చోట ఆమె గోళ్ళతో తోడింది. పది మంది పది రోజులు చేసే పని, తమలపాకులు వేసుకునేంత సేపట్లో అయిపోయింది. మూడు నిలువుల లోతున నేనే దిగి ఆఖరి పొర పొడిచాను. గునపం చేతిలోంచి ఎగిరిపోయింది. బుస్సుమని నీళ్ళు లేచి, నన్ను కప్పలా బయటకు విసిరాయి.

కోమలాంగి ఆనందానికి మేర లేదు. ఊటలో కూర్చుని పాట ఎత్తుకుంది. పాట మధ్యలో నా వైపు తిరిగింది. "ఒరే బావులోడా, నిన్ను తినను. పంజరంలో పెట్టి పెంచుకుంటాను. రోజుకో బావి తవ్వి పెడుదువుగాని."

మేలు చేసినందుకు ఫలితం ఇలాగే ఉంటుందని నాకు ముందే తెలుసు. ఆమె తల రుద్దుకుంటూ కళ్ళు మూసుకోగానే చుట్టూ చూశాను. ఆమె తిన్న బాటసారుల సామాన్లు గుట్టగా పడి ఉన్నాయి. అందులోంచి ఒక గాజుల మలారం, తలపాగా తీసుకున్నాను. ఆ గాజులవాడికి వాటితో అవసరం తీరిపోయింది. ఆమె కూడు తినే కొయ్యతొట్టిని ప్రవాహంలోకి తోసి అందులో దూకాను. ఊట కనుమ అంచు దాటి అవతలి పల్లంలోకి ఉరికింది. నేనూ ఉరికాను. వెనక "ఒరే! ఒరే!" అని కొండలు మోగాయి. తొట్టి రాళ్ళ మీద ఎగిరింది, చెట్టు కొమ్మల్లోంచి దూరింది, ఒక నిద్రపోతున్న ఎలుగుబంటి వీపు మీదుగా జారింది. మిగిలిన దారంతా ఒక పూటలో అయింది. నా పళ్ళు రెండు దారిలోనే ఉండిపోయాయి.

గాజులు ఎందుకంటారా? మారువేషానికి. నీటినాట్లో నా తల మీద శిక్ష ఉంది.

ఇరవై మూడేళ్ళ క్రితం, రాజుగారు ఊరికొక బావి తవ్వించాలని ఆజ్ఞ వేశారు. ఆ ఆజ్ఞ నీటినాటికి కూడా వర్తించింది. ఆ దేశమంతా మడుగులే. ఇళ్ళు పడవల మీద ఉంటాయి. నేను పోయి మూరెడు తవ్వగానే నీళ్ళు పడ్డాయి. ముప్పై అడుగులు ఉంటే తప్ప బావి కాదన్నారు అధికారులు. మూడు నెలలు నీళ్ళలో నిలబడి నీళ్ళు తోడాను. రోజూ ఒక పిల్ల జావ తెచ్చి ఇచ్చేది. నాలుగో నెల నేను ఊరికి బయలుదేరితే నా వెనకే వచ్చింది. ఆ పిల్లను తీసుకుపోయినవాడు దొరికితే మెడకు తిరగలిరాయి కట్టి మడుగులో దించుతామని నీటినాటి వాళ్ళు చాటింపు వేశారని తరువాత తెలిసింది. తల్లీతండ్రీ లేని పిల్ల కోసం అంత కోపమెందుకో నాకు అర్థం కాలేదు. ఆమెను అడగలేదు.

మర్నాటి ఉదయానికి మడుగుల మధ్యకు చేరాను. ఆ శోభ చెప్పాలి. చూపు ఆనినంత దూరం నీళ్ళు, నీళ్ళ మీద నివ్వరి. పసుపు ఆకుపచ్చల నడుమ రంగు, గాలి వీస్తే ఒక కొస నుంచి ఇంకో కొసకు పట్టుచీర పరిచినట్టు వంగి లేచేది. దాని మధ్య దారులు, దారుల్లో సన్నటి పడవలు, పడవల్లో ఆడవాళ్ళు. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వెన్నులను పడవ మీదకు వంచి కర్రతో రెండు దెబ్బలు వేస్తారు. మూడో దెబ్బ వేయరు. పడవలో రాలింది మనిషిది, నీళ్ళలో రాలింది మడుగుది. మరుసటేడు మొలిచేది అదే.

ఊళ్ళో అందరికన్నా పెద్దది దాలెమ్మ. నూరేళ్ళకు అటో ఇటో ఉంటుంది. ఆమె పడవ ముందు ఆడవాళ్ళు వడ్లు దంచుతున్నారు. నేను మలారం దించాను.

"గాజులోయ్! కంకణపురం గాజులు!"

"ఏటిరా, గాజులోడివా?" అంది దాలెమ్మ. "ఎవురి సేతులకు తెచ్చినావురా ఇవి? ఒక్కో గాజులో నా తల దూరతాది."

నిజంగానే దూరేటట్టున్నాయి. ఆ గాజులవాడు రాక్షసి కోసమే తెచ్చాడో ఏమో, ఎక్కడా దొరకనంత పెద్ద గాజులు. అయినా బేరం ఫలించలేదు, వాడినే తినేసింది.

"ఇప్పుడు ఇదే వాడుకమ్మా. నగరంలో అందరూ ఇవే వేసుకుంటున్నారు."

"అయితే నగరంలో సేతులు బలిసినాయన్నమాట" అంది. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. దంపుడు ఊక ఎగిరి నా గొంతులో పడింది. దగ్గాను.

రోకళ్ళు ఆగిపోయాయి. దాలెమ్మ తల ఎత్తింది.

"మళ్ళీ దగ్గు."

"ఎందుకమ్మా?"

"దగ్గమన్నానా లేదా?"

దగ్గాను.

"ఇదే!" అంది దాలెమ్మ. "ఇరవై మూడేళ్ళ కితం, రోజూ పొద్దున్నే ఆ బావి బొంద ఒడ్డున నిలబడి జావ కోసం దగ్గేవోడు. పేరెట్టి పిలవడానికి నోరు లేని సచ్చినోడు. మా గుంటపిల్లను ఎత్తుకుపోయినోడు. అమ్మలూ, తిరగలిరాయి ఎక్కడుందో సూడండి."

రాయి ఎక్కడుందో అందరికీ తెలుసు. ఇరవై మూడేళ్ళుగా సిద్ధంగా పెట్టుకున్నారు. నలుగురు నన్ను పట్టుకుని మెడకు తాడు వేశారు. ఆడవాళ్ళ చేతుల్లో అంత బలం ఉంటుందని కంకణసీమలో ఎవరూ చెప్పరు.

"నేను పారిపోను. దింపండి. కానీ ఆమె పోయింది. ఏడాది కావస్తోంది" అన్నాను.

తాడు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. దాలెమ్మ తాడు కొస తన చేతిలోకి తీసుకుంది.

"ఏటొచ్చింది దానికి?"

"జ్వరం."

"ఆకరికి నీకేటి సెప్పింది?"

"నేను ఊళ్ళో లేను. బావి తవ్వడానికి పోయాను."

"అంతేలే" అంది. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ. "మరెందుకొచ్చినావు?"

నామశాల సంగతి, రాయి సంగతి, మాంత్రికుడి సంగతి చెప్పాను. ఆమె అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"దాని పేరు కత నువ్వు దాన్ని అడగలేదా?"

"లేదు."

"మా కట్టుబాటు ఏటంటే, నివ్వరి తన పేరు కత తనకు తానుగా సెప్పకూడదు. అడిగితేనే సెప్పాల. ఎప్పుడడుగుతావో అని సూసుంటాది. ఇరవై రెండేళ్ళు సూసింది. ఓపిక గల గుంట." దాలెమ్మ ముక్కు చీది, చెప్పడం మొదలెట్టింది. నేను ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను, తగ్గించలేదు, పెంచలేదు.

ఆరు తరాల క్రితం ఏదో రాజు సైన్యం నీటినాటి గట్ల మీద విత్తిన వరిని తగలబెట్టింది. విత్తనం మిగల్లేదు. మిగిలింది మడుగులో ఎవరూ విత్తని నివ్వరి. దాన్ని పంచుకుని తింటున్న రోజుల్లో ఒక పడవ తేలుతూ వచ్చింది. తెడ్డు లేదు, మనిషి లేదు. అడుగున వెన్నుల నుంచి రాలిన గింజల కింద నెలల ఆడపిల్ల ఉంది. తినడానికే లేదు, పరాయి పిల్ల ఎందుకన్నారు మగవాళ్ళు. ఎవరి పిల్లో తెలిస్తే వాళ్ళకు ఇచ్చేద్దామన్నారు. అప్పుడు ఒక ముసలమ్మ లేచింది. మనం తింటున్నది ఎవరు విత్తారు? ఎవరూ విత్తని కూడు మనది అయినప్పుడు, ఎవరూ కనని పిల్ల మనది ఎందుకు కాదు? అంది. పిల్లకు నివ్వరి అని పేరు పెట్టారు.

అప్పటి నుంచి తరానికి ఒక్క పిల్లకు, తల్లీతండ్రీ లేని పిల్లకు, ఆ పేరు పెడతారు. ఆ పేరు ఉన్న పిల్లకు ఊళ్ళో ప్రతి పడవా ఇల్లే. ఏ గుమ్మం ముందు నిలబడ్డా కాదనకూడదు. ఎవరు పేరు పెట్టి పిలిచినా ఆమె వెళ్ళి తినాలి. ఆమె తిన్న ఇంట ఆ ఏడు వెలితి ఉండదని నమ్మకం. నాకు జావ తెచ్చిన పిల్ల నూట నలభై ఇళ్ళ ఆడపిల్ల.

"నూట నలభై గుమ్మాలు దానివి" అంది దాలెమ్మ. "ఒక్క గుమ్మం కోసం అన్నీ వొదిలీసి ఎల్లిపోనాది. ఆ గుమ్మంలో ఓడు దగ్గేవోడు."

ఎవరూ నవ్వలేదు.

దాలెమ్మ లేచి నా మెడలోని తాడు విప్పింది. "నిన్ను తరవాత దించుతాం. ముందు దాని రాయి నిలబడాల. నానే వొస్తాను సాక్షికి. ఎక్కు పడవ."

"రాయి నిలిచాక నేనే తిరిగి వస్తాను" అన్నాను.

"రాకపోతే నానొచ్చి తీసుకుపోతాను. నూరేళ్ళు బతికినాను, ఇంకో ఏడు బతకలేనా నీ కోసం?"

నీటినాటి మడుగులన్నీ కలిసి మణిహారిణి అవుతాయి. ఏటి వాలున పడవ రెండు రోజులు బాణంలా పోయింది. ఆ రెండు రోజులూ దాలెమ్మ నన్ను తిట్టని గడియ లేదు. నా తెడ్డు పట్టు మీద తిట్టింది, నా తలపాగా మీద తిట్టింది, నేను పుట్టిన ముహూర్తం మీద తిట్టింది. ఐదో రోజు పొద్దు వాలుతుండగా ఎదురుగా కాకిబండ కనబడింది.

నల్లరాతి కొండ, కొండను చుట్టి పొగ, పొగలోంచి పొడుచుకుని వచ్చిన గోపురం. దాని అంచుల్లో మంటలు లేని కొరకంచులు, గవాక్షాల్లో కదిలే పాము తలలు. కొండ అడుగు నుంచి గోపురం దాకా చీమల బారులా నీడలు. బూడిదరంగు ఆడమనుషులు, తలల మీద బండలు, ముఖాల్లో ముఖం లేదు.

ముందు కొంగలు వచ్చాయి. ఇనుప ముక్కు కొంగలు, ఏడు. మొదటిది పడవ అంచును చీల్చుకుపోయింది. రెండోది నా తలపాగా తన్నుకుపోయింది. దాలెమ్మ మలారంలోంచి రాక్షసి గాజు తీసి విసిరింది. మూడో కొంగ మెడకు పడి బిగుసుకుంది. అది నాలుగోదాన్ని గుద్దుకుంది. రెండూ ఏట్లో పడ్డాయి.

"పనికొచ్చినాయిరా నీ గాజులు!" అని కేకవేసి ఇంకొకటి విసిరింది.

అప్పుడు గోపురం మెట్ల మీద ధూమ్రకేశుడు కనిపించాడు. పేరుకు అర్థం పొగరంగు జుట్టువాడు అని. అతని తల గుండులా నున్నగా ఉంది. నామశాలకు అభ్యంతరం లేదు.

"బయ్యనా! ఎవరిని వెతుక్కుంటూ వచ్చావు? అదిగో, వరసలో పదకొండోది" అని వేలు చూపించాడు.

చూశాను. ముఖం లేకపోయినా పోల్చుకున్నాను. బరువు ఎత్తేటప్పుడు ఎడమ కాలు ముందు వేసే అలవాటు ఆమెది.

"ఇంకా పొద్దుంది! ఏడాది నిండలేదు!" అని అరిచాను.

"నిండలేదు. పని నేర్పిస్తున్నానంతే. కొత్తవాళ్ళకు మొదట్లో తడబాటు ఉంటుంది కదా!"

దాలెమ్మ నా భుజం పట్టుకుంది. "పిలువు. నివ్వరిని పేరెట్టి పిలిస్తే రాకుండా ఉండదు."

"నువ్వు పిలువు."

"నా గుమ్మం అది వొదిలీసిందిరా. మా నూట నలభై గుమ్మాలూ వొదిలీసింది. దానికి మిగిలింది నీ గుమ్మమొక్కటే. నువ్వే పిలవాల."

నోరు తెరిచాను. ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ దగ్గు వచ్చింది.

"పలికితే ఆయుష్షులో ఒక రోజు..."

"సచ్చిపోనాది కదరా! తరగడానికి ఇంకేటుంది దాని దగ్గర?" అని నా వీపు మీద తెడ్డుతో ఒక్కటి ఇచ్చింది.

"నివ్వరీ!" అన్నాను.

ఏటికి అటూ ఇటూ కొండలు ఆ పేరు అందుకుని మూడుసార్లు అన్నాయి. వరసలో పదకొండో నీడ ఆగింది. తల మీది బండ దించి పక్కన పెట్టింది. తిరిగింది. ముఖం ఉంది.

"అది పేరు కాదు! నామశాల ఆమోదం లేదు! గడ్డి అది, గడ్డి!" అని ధూమ్రకేశుడు కాళ్ళు నేలకేసి కొట్టాడు.

ఆమె ఏటి మీద నడుచుకుంటూ వచ్చింది. వెనక మిగిలిన నీడలన్నీ ఆగి మా వైపు చూశాయి, ఎవరైనా తమనూ పిలుస్తారేమోనని. నాకు వాళ్ళ పేర్లు తెలియవు. నామశాలకు తెలుసు.

పైకి చేరాల్సిన బండ చేరకపోవడంతో గోపురం ఒక పక్కకు ఒరిగింది. ఆమె పడవలో కూర్చుంది. పడవ వెంట్రుకవాసి కూడా దిగలేదు. నా వైపు చూసి ఒక మాట అంది. దాలెమ్మ విననట్టు అటు తిరిగి గాజులు సర్దుకుంది.

మరుక్షణం గోపురం ఏటికి అడ్డంగా కూలింది. నీళ్ళు ఆగి, లేచి, కొండలా నిలబడి మా మీదకు తిరిగాయి. మిగిలిన ఐదు కొంగలూ రెక్కలు ముడిచి దిగుతున్నాయి. ధూమ్రకేశుడు తేలే బండ ఒకటి ఎక్కి వెంటపడ్డాడు. బారెడు పొద్దుంది. రాళ్ళ తీరం ఇంకా రెండు వంపుల అవతల ఉంది.

నేను తెడ్డు వేశాను.

ఆ నీటికొండను దాటామా, కొంగలను ఏం చేశాం, పొద్దు గుంకేలోగా రాయి నిలిచిందా, నా మెడకు తిరగలిరాయి తిరిగి ఎక్కిందా, ఇవి అడగండి, చెబుతాను. ఆమె అన్న మాట అడగవద్దు. ఆ పేరు ఒక్కసారి పలికాను, దాని కథ ఒక్కసారి చెప్పాను. గంభీరభట్టు అడిగినా, రాజుగారు అడిగినా, మీరు అడిగినా అంతే. ఆమె అన్న మాట నా నోట రాదు.